38–38: బుసాన్ మ్యాచ్‌ని ప్రిడిక్షన్ మార్కెట్ లెక్కలో చూస్తే

2024 ఫిబ్రవరి 16న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో, ప్రపంచ టేబుల్ టెన్నిస్ టీమ్ ఛాంపియన్‌షిప్‌లో, ర్యాంకుల్లో 155వ స్థానంలో ఉన్న మన ఐహికా ముఖర్జీ నంబర్ 1, చైనా క్రీడాకారిణి సన్ యింగ్‌షాను 12–10, 2–11, 13–11, 11–6తో ఓడించింది. ఆ స్కోర్లు ఒకసారి కూడి చూడండి. ఐహికాకి 38, సన్‌కి 38. పాయింట్లలో సమానం, మ్యాచ్‌లో 3–1. రెండు గేములు రెండేసి పాయింట్ల తేడాతో ఐహికా వైపు వచ్చాయి, ఒకటి తొమ్మిది పాయింట్ల తేడాతో పోయింది. టేబుల్ టెన్నిస్ (టీటీ)లో ఎన్ని పాయింట్లు గెలిచారన్న దానికంటే ఎక్కడ గెలిచారన్నది ఎక్కువ. ప్రిడిక్షన్ మార్కెట్‌లో, అంటే ఒక ఫలితం మీద వాటాలు కొని అమ్మే చోట, ఈ ఆటకి ధర కట్టేవాళ్లు పదేపదే తప్పేది ఇక్కడే.

ఆ రోజు ఎవరు ఏ ధరకి కొన్నారన్నది వదిలేద్దాం. మహిళల అంతర్జాతీయ మ్యాచ్ ఒకటి ముందుంటే ధర ఎలా చదవాలి, ఎలా కట్టాలి, డబ్బు ఎక్కడ కారిపోతుంది అన్నదే విషయం.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. భారత్‌లో ఉండి డబ్బు పెట్టి ఇది ఆడే దారి లేదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. అవునా కాదా అని పందెం కాయించిన ప్రోబో లాంటి ఒపీనియన్ ట్రేడింగ్ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేసింది అందుకే. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. వీపీఎన్ పెట్టుకుని, క్రిప్టో కొనుక్కుని విదేశీ సైట్‌లోకి దూరితే సరిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. గెలిచాక సొమ్ము తీసుకునేటప్పుడు ఆ సైటు గుర్తింపు పత్రం అడిగితే అప్పుడు ఏం చేయాలో మాత్రం వాళ్లు చెప్పరు. కాబట్టి ఇక్కడున్నవాళ్లకి ఈ లెక్కలన్నీ కాగితం మీద ఆడుకోవడానికే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి కాల్షీ లాంటి, సీఎఫ్‌టీసీ (అక్కడి ఫ్యూచర్స్ మార్కెట్ల ప్రభుత్వ నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీ అందుబాటులో ఉంది గానీ, అక్కడా స్పోర్ట్స్ కాంట్రాక్టుల మీద కొన్ని రాష్ట్రాలకీ కాల్షీకీ కోర్టుల్లో గొడవ నడిచింది. మీ రాష్ట్రంలో పరిస్థితేమిటో చూసుకుని గానీ దిగొద్దు.

ధర అంటే శాతమే, కానీ పూర్తిగా కాదు

కాంట్రాక్టు సంగతి తేలిక. "సన్ గెలుస్తుంది" అన్నదానికి "అవును" వాటా 62 సెంట్లు ఉందంటే, గెలిస్తే ఒక డాలరు వస్తుంది, ఓడితే సున్నా. మార్కెట్ ఆమెకి సుమారు 62 శాతం ఇస్తోందన్నమాట. బుకీకి ఎదురుగా కాయడం కాదిది, మరో మనిషికి ఎదురుగా. మీరు 62కి "అవును" కొన్నారంటే ఎవరో 38కి "కాదు" కొన్నట్టే.

తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె మాత్రం మీకు దొరికే ధర కాదు. సాధారణంగా అది కొనేవాళ్ల ధరకీ అమ్మేవాళ్ల ధరకీ నడిమధ్య అంకె, లేదా చివరిగా జరిగిన లావాదేవీ. మహిళల టీటీలో ఫైనల్ కాని మ్యాచ్‌లకి ఆర్డర్ బుక్ (ఏ ధరకి ఎవరెన్ని కొంటామన్నారో, అమ్ముతామన్నారో చూపే జాబితా) బాగా పల్చగా ఉంటుంది. ఉదాహరణకి అమ్మేవాళ్ల వైపు 62 దగ్గర 100 వాటాలు, 66 దగ్గర 150, 71 దగ్గర 300 ఉన్నాయనుకోండి. 500 వాటాలకి మార్కెట్ ఆర్డర్ (ఎంతకి దొరికితే అంతకి కొనేయడం) కొడితే మొదటి వంద 62కి, తర్వాతి 150 66కి, మిగిలిన 250 71కి పడతాయి. మొత్తం 338.50 డాలర్లు, సగటు 67.7. మీరు 62 శాతం అనుకుని కొన్నది నిజానికి 68 శాతం. అందుకే ఇంతకు మించి ఇవ్వనని ధర కట్టి వేసే లిమిట్ ఆర్డర్ తప్ప వేరేది వాడకూడదు. పడకపోతే పడకపోయింది, మ్యాచ్ చూసుకోవచ్చు.

రెండు వైపులా కొనే ధరలు కూడి చూడటం మంచి అలవాటు. "అవును" 62, "కాదు" 42 ఉంటే మొత్తం 104. ఆ నాలుగు సెంట్లు లోపలికి వెళ్లేటప్పుడు కట్టే గేటు రుసుము. అది రెండు దాటితే చిన్న అంచనాతో దిగినవాళ్లకి ఏమీ మిగలదు.

పాయింటు నుంచి మ్యాచ్ దాకా

ఇక అసలు లెక్క. ప్రతి పాయింటునీ ఒక అమ్మాయి గెలిచే అవకాశం ఎంత అన్న ఒక్క అంకెతో మొదలుపెట్టండి. టెన్నిస్‌లా ఇక్కడ సర్వీసు అంత పెద్ద ఆయుధం కాదు, అదీ రెండేసి పాయింట్లకి చేతులు మారుతుంది. కాబట్టి ఒకే అంకెతో పని నడుస్తుంది. 11 పాయింట్ల గేమ్, 10–10 తర్వాత రెండు పాయింట్ల తేడా, ఈ నియమాలతో లెక్క కడితే వచ్చేది ఇది.

పాయింటుకి 52 శాతం ఉన్నామె ఒక గేమ్ గెలిచే అవకాశం దాదాపు 58 శాతం. ఐదు గేముల మ్యాచ్ అయితే 64, ఏడు గేములైతే 66.

పాయింటుకి 55 శాతం ఉంటే గేమ్‌కి 69. ఐదు గేముల మ్యాచ్‌కి 82, ఏడు గేములకి 86.

పాయింటుకి 60 శాతం ఉంటే గేమ్‌కి 84, మ్యాచ్‌కి 97, 98.

నూటికి ఐదు పాయింట్ల మొగ్గు మ్యాచ్‌లో 82 అయి కూర్చుంటుంది. అంటే మీ అంచనా పాయింటు దగ్గర రెండు శాతం అటూఇటూ అయితే చాలు, మ్యాచ్ ధర పది పదిహేను సెంట్లు కదిలిపోతుంది. "ఈమె కొంచెం మెరుగు" అన్న మాటకి ధరలో అర్థం లేదు. కొంచెం అంటే 52 అయితే 64 సెంట్లు, 54 అయితే 75 దాటుతుంది. ఈ రెంటి మధ్య తేడా చెప్పగలిగేంత సమాచారం మన దగ్గర ఉందా అన్నది ప్రతిసారీ నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న. ఇద్దరూ గత ఏడాదిలో ఒకరితో ఒకరు మూడు మ్యాచ్‌లు ఆడారనుకుందాం, అంటే 250 పాయింట్ల దాకా. అన్ని పాయింట్ల నమూనాలో మూడు శాతం అటూఇటూ ఊగడం మామూలు సంగతి. కాబట్టి ముఖాముఖి రికార్డు 3–0 అని చూడగానే ఎగిరిపడొద్దు. గేముల స్కోర్లు తీసి, పాయింట్లు కూడి, ఆ తర్వాత మాట్లాడాలి.

ఫార్మాట్ ఎందుకు చూడాలో కూడా పై అంకెలే చెబుతున్నాయి. ఏడు గేముల మ్యాచ్ ఫేవరెట్‌కి రక్ష, ఐదు గేములది అండర్‌డాగ్‌కి ఊపిరి. ఒలింపిక్స్ సింగిల్స్‌లో ఏడు గేములు. టీమ్ పోటీల్లో ఐదు. డబ్ల్యూటీటీ (వరల్డ్ టేబుల్ టెన్నిస్) టోర్నీల్లో చాలాచోట్ల తొలి రౌండ్లు ఐదు, చివరి రౌండ్లు ఏడు, ఆ మార్పు ఏ రౌండు నుంచో టోర్నీని బట్టి ఉంటుంది. అదే ఇద్దరు, అదే నెల, ఒక టోర్నీలో 86 సెంట్ల విలువ, మరో దాంట్లో 82. పాత ధర గుర్తుపెట్టుకుని కొత్త మ్యాచ్ కొనేవాళ్లు ఈ నాలుగు సెంట్లు ఊరికే వదిలేస్తారు.

ఆకుల శ్రీజ పారిస్ ఒలింపిక్స్ మ్యాచ్ ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. 2024 జులై 31న, ప్రీక్వార్టర్స్‌లో, సన్ చేతిలో మన హైదరాబాదీ 0–4తో ఓడింది. స్కోర్లు 10–12, 10–12, 8–11, 3–11. మొదటి రెండు గేముల్లోనూ శ్రీజకి గేమ్ పాయింట్లు దక్కాయి. ఫలితం పట్టికలో అది ఏకపక్షం. తర్వాత వీళ్లిద్దరి మ్యాచ్‌కి ధర కట్టేవాడు "0–4" అని రాసుకుంటే తప్పు అంకె వస్తుంది. 31–46 అని రాసుకున్నా పూర్తిగా సరిపోదు, ఎందుకంటే అదే రోజు ఆమె అంతకుముందు సింగపూర్ అమ్మాయి జెంగ్ జియాన్‌తో ఆరు గేములు ఆడి 4–2తో గెలిచి వచ్చింది. చివరి గేమ్‌లో 3 పాయింట్లు చూసి ఇదే ఆమె స్థాయి అని ముద్ర వేయలేం. ఒకే రోజు రెండో మ్యాచా అన్నది షెడ్యూలులో చూడాల్సిన మొదటి గడి.

ర్యాంకు చూడకండి, రబ్బరు చూడండి

ప్రపంచ ర్యాంకులు వారం వారం మారతాయి. 52 వారాల్లో వచ్చిన ఎనిమిది ఉత్తమ ఫలితాల పాయింట్ల మొత్తమే ర్యాంకు. ఎక్కువ టోర్నీలు తిరిగేవాళ్లకి అది కలిసొస్తుంది, గాయంతో మూణ్ణెల్లు కూర్చున్నవాళ్లకి నష్టం. పారిస్ ఫైనల్లో నంబర్ 1 సన్‌ని చెన్ మెంగ్ 4–2తో ఓడించింది. టోక్యోలోనూ అదే ఇద్దరు, అదే 4–2. ఆ తర్వాత 2024 డిసెంబరులో చెన్ మెంగ్ ర్యాంకింగ్ నుంచే తప్పుకుంది. టోర్నీకి రాకపోతే జరిమానా అన్న నిబంధన నచ్చక. ఒలింపిక్ ఛాంపియన్‌కి ర్యాంకే లేని పట్టికతో ధర కడతామంటే ఎలా?

మహిళల ఆటలో ర్యాంకు కంటే పెద్ద సంగతి బ్యాట్‌కి అవతలి వైపు ఏముంది అన్నది. పురుషుల్లో పైస్థాయిలో దాదాపు అందరూ రెండు వైపులా నున్నటి రబ్బరే వాడతారు. మహిళల్లో పింపుల్స్ (పైకి బుడిపెలున్న రబ్బరు), యాంటీ స్పిన్ (బంతి స్పిన్‌ని పట్టించుకోని జారుడు రబ్బరు) ఇంకా బతికే ఉన్నాయి. మనికా బత్రా బ్యాక్‌హ్యాండ్‌కి లాంగ్ పింపుల్స్, ఐహికాకి యాంటీ స్పిన్. ఎదుటివాళ్లు టాప్‌స్పిన్ కొడితే లాంగ్ పింపుల్స్ మీద నుంచి అది బ్యాక్‌స్పిన్‌గా తిరిగొస్తుంది. యాంటీ మీద నుంచి వచ్చే బంతి చచ్చిపోయినట్టు, అనుకున్న దానికంటే నెమ్మదిగా వస్తుంది. వేగమే బలంగా పెరిగిన అమ్మాయికి ఆ లయ దొరికే సరికి ఒకటి రెండు గేములు గడిచిపోతాయి. ఐదు గేముల మ్యాచ్‌లో రెండు గేములంటే దాదాపు సగం మ్యాచ్.

ఇది ఒక్క బుసాన్ ముచ్చట కాదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఐహికా, సుతీర్థా ముఖర్జీ జోడీ క్వార్టర్స్‌లో ప్రపంచ ఛాంపియన్లు చెన్ మెంగ్, వాంగ్ యీడీలను ఓడించి, కాంస్యం తెచ్చింది. 2024 మేలో సౌదీ స్మాష్ టోర్నీలో మనిక, అప్పటి నంబర్ 2 వాంగ్ మన్యును 6–11, 11–5, 11–7, 12–10తో పడగొట్టింది. మొదటి గేమ్ పోయాక వరుసగా మూడు.

అలాగని పింపుల్స్ కనిపించిన ప్రతిచోటా అండర్‌డాగ్‌ని కొనమని కాదు. కొత్తదనం ఉన్నంత వరకే ఆ మొగ్గు. చైనా జట్టు శిబిరంలో ప్రత్యర్థుల ఆటను అనుకరించే ప్రాక్టీసు భాగస్వాముల్ని పెట్టుకునే పద్ధతి పాతదే. ఒకసారి దెబ్బ తిన్నాక రెండోసారికి సిద్ధమై వస్తారు. కొరియా, జపాన్, జర్మనీ, రొమేనియాల్లోని సీనియర్లకి డిఫెండర్లతో, పింపుల్స్‌తో ఆడి ఆడి అలవాటు. కాబట్టి అడగాల్సినవి మూడు. వీళ్లిద్దరూ ఇంతకుముందు తలపడ్డారా? తలపడితే ఎన్నాళ్ల కిందట? ఫేవరెట్ గత ఏడాదిలో ఇలాంటి రబ్బరుతో ఎవరితోనైనా ఆడిందా, ఆడితే మొదటి గేమ్ స్కోరెంత? మూడో ప్రశ్నకి జవాబు వెతకడానికి అరగంట పడుతుంది. ధరలో లేని సమాచారం దొరికే చోటు అది.

రబ్బరు గురించి ఇంకో మాట. మ్యాచ్‌కి ముందు బ్యాట్‌ని ప్రత్యర్థి, అంపైరు చూస్తారు, ఒకవైపు నలుపు, రెండోవైపు వేరే ప్రకాశవంతమైన రంగు ఉండాలి. కానీ ర్యాలీ మధ్యలో బ్యాట్ తిప్పేయడం నిబంధనలకి లోబడిందే. పాత వీడియో చూసి "ఈమె బ్యాక్‌హ్యాండ్ ఇలా" అని తీర్మానించేముందు రబ్బరు మార్చిందేమో చూసుకోవాలి. క్రీడాకారిణులు సీజన్ల మధ్య మారుస్తూనే ఉంటారు.

2–1 ఆధిక్యం విలువ ఎంత?

మళ్లీ బుసాన్‌కి, భారత్–చైనా టీమ్ పోటీకి. ఐహికా గెలిచాక మనిక వాంగ్ మన్యు చేతిలో ఓడింది. మూడో మ్యాచ్‌లో శ్రీజ 11–7, 11–9, 13–11తో అప్పటి నంబర్ 2 వాంగ్ యీడీని మట్టికరిపించింది. భారత్ 2–1. అప్పుడు "భారత్ గెలుస్తుంది" వాటా ఎంతకి కొనొచ్చు?

టీమ్ పోటీ క్రమం తెలిస్తేనే ఇది కట్టగలం. ఒక జట్టు ఏ, బీ, సీ. రెండోది ఎక్స్, వై, జెడ్. ఏతో ఎక్స్, బీతో వై, సీతో జెడ్, ఆ పైన ఏతో వై, బీతో ఎక్స్. సీ, జెడ్ ఒక్కసారే ఆడతారు. చివరి రెండు మ్యాచ్‌లూ రెండు జట్ల మొదటి ఇద్దరివే. అంటే ఓడిన వాంగ్ యీడీ మళ్లీ బల్ల దగ్గరికి రాదు, గెలిచిన శ్రీజా రాదు. మిగిలినవి సన్–మనిక, వాంగ్ మన్యు–ఐహిక.

మ్యాచ్ మొదలవకముందు ప్రతి భారత క్రీడాకారిణికీ 10 శాతం అవకాశం ఇచ్చామనుకుందాం. ఐదింట్లో మూడు గెలిచే అవకాశం ఒక శాతం కంటే తక్కువ, 0.86. 2–1 ఆధిక్యంలో మిగిలిన రెండింట్లో ఒకటి చాలు: 0.9 × 0.9 అంటే రెండూ ఓడే అవకాశం 81, కాబట్టి గెలిచేది 19 శాతం. "ఈ రోజు చైనావాళ్లు తేలిపోతున్నారు" అని ఒక్కోదానికి 20 శాతానికి పెంచినా 36 దాటదు. ఆధిక్యంలో ఉన్నారు కదా అని 50కి కొన్నవాళ్లు ఉద్వేగానికి కట్టిన వెల అది. చివరికి సన్, వాంగ్ మన్యు ఇద్దరూ గెలిచి 3–2 చేశారు.

అదే టోర్నీ ఫైనల్లో జపాన్ కూడా చైనా మీద 2–1కి వెళ్లింది. హినా హయాటా చెన్ మెంగ్‌ని, మియు హిరానో వాంగ్ యీడీని ఓడించారు. నాలుగో మ్యాచ్‌లో సన్ హయాటాను, ఐదో మ్యాచ్‌లో చెన్ మెంగ్ మివా హరిమోటోను ఓడించి మళ్లీ 3–2. రెండు సార్లూ మూడో మ్యాచ్ సీ స్థానంలోనే దెబ్బ తగిలింది, రెండు సార్లూ బాకీ తీర్చింది ఏ, బీ. జట్టు వాటా కొనేముందు 2–1 ఎవరి మీద వచ్చిందో, మిగిలింది ఎవరో కాగితం మీద రాసుకోవాలి. క్రమం కెప్టెన్లు ముందే, ఒకరికొకరు చూపకుండా ఇస్తారు. అది బయటికి వచ్చిన నిమిషాల్లోనే జట్టు ధర న్యాయంగా కదలాల్సిన సమయం. చాలా సందర్భాల్లో అది కదలదు, ఎందుకంటే కొనేవాళ్లలో ఎక్కువమంది చూసేది జెండాలు.

97 సెంట్ల ఉచ్చు

తొలి రౌండ్లలో అగ్రశ్రేణి చైనా అమ్మాయి వాటా 97, 98 దగ్గర ఉంటుంది. "మూడు సెంట్లు ఊరికే వస్తున్నాయి" అనిపిస్తుంది. కాల్షీ ప్రకటించిన సాధారణ ఫీజు సూత్రం: 0.07 × వాటాల సంఖ్య × ధర × (1 − ధర), వచ్చినదాన్ని పై సెంటుకి పెంచుతారు. 97 దగ్గర 100 వాటాలకి 20.37 సెంట్లు, అంటే 21. మూడు డాలర్ల లాభంలో 2.79 మిగులుతుంది. ఒక్కసారి ఓడితే 97.21 పోతుంది, దాదాపు 35 గెలుపుల కష్టం. ఒకే ఒక్క వాటా కొంటే ఫీజు పై సెంటుకి లేచి ఒక సెంటు అవుతుంది, మూడు సెంట్ల లాభంలో మూడో వంతు అక్కడే పోయింది. 50 దగ్గర 100 వాటాలకి ఫీజు 1.75. సూత్రంలో ధరని (1 − ధర)తో గుణించడం వల్ల మధ్యలోనే బరువెక్కువ. ఫీజుల పట్టికలు మారుతుంటాయి, కొన్ని మార్కెట్లకి వేరే రేట్లు ఉంటాయి. ఆర్డర్ వేసే తెర మీద చూపే అంకెనే నమ్మాలి.

పరిమాణం విషయం క్లుప్తంగా. మీ అంచనా 64, ధర 58 అయితే, మూలధనంలో ఎంత పెట్టాలో చెప్పే కెల్లీ సూత్రం ప్రకారం (64 − 58) ÷ (100 − 58), అంటే మూలధనంలో 14 శాతం. పైన చెప్పినట్టు మన అంచనాలోనే పది సెంట్ల ఊగిసలాట ఉన్నప్పుడు అది మతిలేని పని. అందులో పావు వంతు, మూడున్నర శాతం, అదే ఎక్కువ.

రూల్స్ పేజీలో చూడాల్సినవి

మార్కెట్ శీర్షిక కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతులే ఒప్పందం. మ్యాచ్ అసలు మొదలవకపోతే ఏమవుతుంది? కొన్నిచోట్ల 50–50గా తేలుస్తారు, కొన్నిచోట్ల తర్వాతి రౌండుకి వెళ్లినామెకి ఇచ్చేస్తారు. 90కి కొన్న వాటా 50కి తేలితే మ్యాచ్ ఆడకుండానే నలభై పోయినట్టు. మధ్యలో గాయంతో తప్పుకుంటే? ఆటలో గాయానికి ఇచ్చే విరామం పది నిమిషాలు దాటకూడదు, ఆపైన ఆడలేకపోతే ఓటమే. వాయిదా పడితే ఎన్ని రోజులు ఆగుతారు? ఫలితానికి ఏ వెబ్‌సైటుని ప్రామాణికంగా తీసుకుంటారు? ఈ నాలుగూ చదవకుండా కొంటే ఆట తెలిసీ ప్రయోజనం ఉండదు.

పాలీమార్కెట్ అనే మరో ప్రిడిక్షన్ మార్కెట్ సైటులో చాలా మార్కెట్లు యూఎమ్ఏ ఒరాకిల్ (ఫలితం ఏమిటో తేల్చే వ్యవస్థ) ద్వారా తేలతాయి. ఒకరు డిపాజిట్ కట్టి ఫలితం ప్రతిపాదిస్తారు, సాధారణంగా రెండు గంటల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఖాయం. అభ్యంతరం వస్తే మళ్లీ ప్రతిపాదన, ఇంకా తేలకపోతే యూఎమ్ఏ టోకెన్ ఉన్నవాళ్ల ఓటింగు. అది రోజులు పట్టొచ్చు, అంతవరకూ డబ్బు ఇరుక్కున్నట్టే. అదే సైటులో స్పోర్ట్స్ మార్కెట్ల లిమిట్ ఆర్డర్లు ఆట మొదలయ్యే అధికారిక సమయానికి రద్దవుతాయని చెబుతారు. టీటీలో ఒకే బల్ల మీద వరుసగా మ్యాచ్‌లు నడుస్తాయి, ముందరిది మూడు గేముల్లో ముగిస్తే తర్వాతిది ముందుకి జరగొచ్చు, ఐదుకి వెళ్తే వెనక్కి. ముందుగా మొదలైతే మీ పాత ఆర్డర్ బల్ల దగ్గరున్నవాడి నోట్లో పడుతుంది. మ్యాచ్ మకావులో అయితే అక్కడికీ మనకీ రెండున్నర గంటల తేడా. సమయం అక్కడిదా ఇక్కడిదా చూసుకోకుండా ఆర్డర్ వదిలేసి పడుకుంటే ఇదే జరుగుతుంది.

పేర్లు కూడా. శీర్షికలో ఇంటిపేరు ఒక్కటే ఉంటే జాగ్రత్త. వాంగ్ అంటే మన్యునా, యీడీనా? చెన్ అంటే మెంగా, షింగ్‌టాంగా? ముఖర్జీ అంటే ఐహికా, సుతీర్థా? హరిమోటో అంటే మివాకి అన్న తొమొకాజు కూడా ఉన్నాడు, పురుషుల డ్రాలో.

మ్యాచ్ నడుస్తుండగా

లైవ్‌లో ఈ ఆటతో పోటీ పడటం కష్టం. ర్యాలీ నాలుగైదు సెకన్లు, పాయింటుకీ పాయింటుకీ మధ్య కాసేపు, మనం చూసే స్ట్రీమ్ కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనక. హాలులో కూర్చున్నవాళ్లకి 8–5 తెలిసేటప్పటికి మన తెర మీద ఇంకా 7–5 ఉండొచ్చు. బలాలు సమానమైనా 8–5 దగ్గర గేమ్ గెలిచే అవకాశం 85 శాతం దాటుతుంది, కాబట్టి ఒక్క పాయింటు ఆలస్యం కూడా ఖరీదే. మీ లిమిట్ ఆర్డర్ చటుక్కున పడిందంటే సంతోషించకండి, మీకు తెలియనిది అవతలివాడికి తెలిసి ఉంటుంది.

కాస్త నిదానంగా ఆలోచించే వీలు ఇచ్చేది గేముల మధ్య ఒక నిమిషం విరామం, ఒక్కొక్కరికీ మ్యాచ్‌కి ఒకసారి దొరికే ఒక నిమిషం టైమౌట్. అక్కడికి ముందే లెక్క సిద్ధం చేసుకోవాలి. పాయింటుకి 55 శాతం ఉన్న ఫేవరెట్ ఐదు గేముల మ్యాచ్‌లో మొదటి గేమ్ పోతే 82 నుంచి 63కి దిగుతుంది. గెలిస్తే 91కి ఎక్కుతుంది. ఏడు గేములైతే మొదటిది పోయాక 86 నుంచి 72కి. మార్కెట్ ధర 63కి బదులు 52కి పడిందంటే జనం ఒక్క గేమ్‌కే భయపడ్డారని ఒక అర్థం. ఆమె మోచేయి పట్టుకుని కూర్చుందని, అది మన స్ట్రీమ్‌లో ఇంకా కనిపించలేదని ఇంకో అర్థం. రెండోది కాదని తేల్చుకోకుండా కొనొద్దు. ఎదురుగా పింపుల్స్ అమ్మాయి ఉంటే మాత్రం 63 అన్న లెక్కే తప్పు. గేములు ఒకదానికొకటి సంబంధం లేనివని ఆ సూత్రం అనుకుంటుంది. ఇక్కడ ఫేవరెట్ రెండో గేమ్ నుంచి అలవాటు పడుతుందో, ఇంకా తికమక పడుతుందో స్కోరు చెప్పదు, బంతి చెబుతుంది. ఆమె రిటర్నులు నెట్‌కి తగులుతున్నాయా, బల్ల దాటి పోతున్నాయా చూడండి. రెండూ కలిసి జరుగుతుంటే స్పిన్ ఇంకా చదవలేకపోతోందని అర్థం. బుసాన్‌లో సన్ రెండో గేమ్ 11–2తో గెలిచినప్పుడు అలవాటు పడిందనే ఎవరైనా అనుకుంటారు. తర్వాతి రెండు గేములూ పోయాయి.

తెలంగాణలో, ఆంధ్రలో ఉండి డబ్బు లేకుండా ఇదంతా సాధన చేయడానికి ఒక నోటుపుస్తకం చాలు. గడులు: తేదీ, టోర్నీ, రౌండు, ఎన్ని గేములు, ఇద్దరి రబ్బర్లు, ఆ రోజు ఆమెకి ఎన్నో మ్యాచ్, మొదటి సర్వీసుకి ముందు నా శాతం, మార్కెట్ శాతం, ఫలితం. శాతాన్ని దశాంశంగా రాసి, గెలిస్తే 1, ఓడితే 0 నుంచి తీసేసి, వర్గం చేయండి. 0.80 ఇచ్చినామె గెలిస్తే 0.04, ఓడితే 0.64. అన్నిటికీ సగటు తీస్తే వచ్చేది బ్రయర్ స్కోరు, ఎంత తక్కువైతే అంత మేలు. ప్రతి మ్యాచ్‌కీ 50 అని రాసే బద్ధకస్తుడికి 0.25 వస్తుంది. మీ సగటు పక్కనే మార్కెట్ ధరల సగటు కూడా రాయండి. వంద మ్యాచ్‌ల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఫేవరెట్లు 95 పైన ఉన్న మ్యాచ్‌లు వదిలేసి, 55కీ 80కీ మధ్య ఉన్నవే రాస్తే తేడా త్వరగా తెలుస్తుంది. పింపుల్స్ ఉన్న మ్యాచ్‌లకి వేరే పేజీ పెట్టండి.